ఏడాది లోపల ఎక్కిన గుట్ట

నాన్న పోయిన మూడో నెలలో నేను గుట్ట ఎక్కాను. పడ్డాను. ఎడమ మోకాలి చిప్ప పగిలింది. వరంగల్‌లో మా బజారంతా ఈ మూడింటినీ ఒకే మాటగా చెప్పుకుంది. తండ్రి పోయిన ఏడాది లోపల కొడుకు గుట్ట ఎక్కకూడదు. వీడు ఎక్కాడు, పడ్డాడు. కాలు పెట్టిన చోట బండ పొర ఊడిందని నేను చెబితే అది సాకు అయింది. పొర ఎందుకు ఊడిందో వాళ్లకు ముందే తెలుసు.

నేను ఎక్కింది గుడి ఉన్న గుట్ట కూడా కాదు. హనుమకొండ దాటాక రాళ్లు కొట్టే వాళ్లు తప్ప ఎవరూ పోని బోడిగుట్ట. కాలేజీ రోజుల నుంచి ఆదివారాలు ఒక స్నేహితుడితో కలిసి అక్కడ బండలు ఎక్కేవాణ్ని. అతను కాజీపేట రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన క్రైస్తవుడు, లోకోషెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. మా దగ్గర లారీలకు కట్టే తాడు ఒకటి ఉండేది. దాన్ని ఎలా వాడాలో లైబ్రరీలో దొరికిన ఇంగ్లీషు పుస్తకాల్లో చదివి నేర్చుకున్నాం. ఆ పుస్తకాల్లో కొండ మీద దెబ్బ తగిలిన మనిషి చివరికి ఏదో ఒకటి తెలుసుకుంటాడు. నేను ఏమీ తెలుసుకోలేదు. ఎక్కినందుకు అప్పుడు పశ్చాత్తాపపడలేదు, ఇప్పుడూ పడటం లేదు. ఇల్లు నిండా ఓదార్చే చుట్టాలు. ఊపిరాడక గుట్టకు పోయాను, అంతే.

దీనికంతటికీ అసలు మనిషి మా చిన్నాయన, నాన్న తమ్ముడు. మా కిరాణా దుకాణానికి ఎదురుగానే ఆయన దుకాణం. నాకు ఊహ తెలిసేసరికే వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఎందుకు చెడిందో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. పెళ్లి పంక్తిలో జారిన మాట అని కొందరు, రెండు దుకాణాల మధ్య సామాను పంచుకున్నప్పటి తగవు అని కొందరు అంటారు. నాకు తెలిసింది ఒక్కటే. చుట్టాల ఇళ్లల్లో భోజనాల దగ్గర చిన్నాయన నీళ్ల చెంబు పట్టుకుని వరసగా పోస్తూ వస్తే, నాన్న తన గ్లాసు మీద అరచెయ్యి పెట్టేవాడు. చిన్నాయన పక్క గ్లాసుకు పోయేవాడు. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చూశానో!

నాన్న పోయిన రోజు అందరికంటే ముందు వచ్చి, అందరికంటే గట్టిగా ఏడ్చింది ఆయనే.

నా కాలికి తొడ నుంచి మడమ దాకా సిమెంటు కట్టు వేశారు. నెలనెలా వచ్చే మాసికానికి కొడుకు పీట మీద కూర్చోవాలి. నేను కూర్చోలేను. ఒక్కణ్నే కొడుకును. కర్మ చేయించే అయ్యగారు నా బదులు చిన్నాయనను కూర్చోబెట్టారు. నేను పక్క గదిలో మంచం మీద కాలు చాపుకుని తలుపులోంచి చూశాను. దర్భ ఉంగరం పెట్టుకున్న ఆ చెయ్యి నాన్న పేరు చెప్పి నువ్వుల నీళ్లు వదిలింది. బతికున్నప్పుడు ఆ చేతి నీళ్లకు నాన్న అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఇప్పుడు అడ్డం పెట్టడానికి చెయ్యి లేదు.

నాకు ఈ కర్మల మీద నమ్మకం అప్పుడూ అంతంత మాత్రమే. కానీ ఆ చెయ్యి మళ్లీ నాన్నకు నీళ్లు వదలకూడదని మాత్రం ఆ పూటే అనుకున్నాను. నెల మాసికాలు పోతే పోయాయి. ఏడాది తిరిగాక వచ్చే సంవత్సరీకం నాది.

చిన్నాయన కూడా అదే రోజు అమ్మతో తన మాట చెప్పాడు.

"యాడాదికి గూడ నేనే కూసుంట వదినె. వాని ఫికర్ పెట్టుకోకు. ఆ కాలు ఇగ మడుస్తదా?"

అమ్మ మూలన కూర్చుని ఉంది. అవునని అనలేదు, వద్దని అనలేదు. నేను పడ్డప్పటి నుంచి ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు. అన్నం పళ్లెం మంచం పక్కన పెట్టి వెళ్లేది. చుట్టాలు వచ్చి "ఏం పాపమో" అన్నప్పుడు కాదనేది కాదు.

ఎండలు ముదిరాక దవాఖానలో కట్టు కోశారు. లోపలి నుంచి వచ్చిన కాలు నాది కాదన్నట్టుంది. సన్నగా, తెల్లగా, పొట్టు లేస్తూ ఉంది. మడవమంటే కొంచెం కదిలి ఆగింది. తలుపు కింద రాయి అడ్డం పడ్డట్టు.

"నేల మీద కూర్చోగలనా?" అని డాక్టరును అడిగాను.

"మీ ఇంట్ల కుర్చీలు లేవా?"

సంగతి చెప్పాను. పితృకార్యంలో ఎడమ మోకాలు నేలకు ఆనించాలి, పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా లేవకూడదు. డాక్టరు నవ్వలేదు. ఎప్పుడని అడిగాడు. నాన్న పోయింది నవంబరు చివర. ఆ తారీఖు చెప్పాను.

"సైకిల్ తొక్కు. నొప్పి పుడితె ఆపకు. రోజూ తొక్కితె నవంబర్ ఆఖరుకు మడవొచ్చు. తొక్కకపోతె మీ చిన్నాయనకే ఇచ్చెయ్."

సైకిలు స్నేహితుడిది. నల్లటి బరువైన సైకిలు, వెనక బస్తా కట్టుకునే క్యారియరు. అతను దాన్ని మా పెరట్లో స్టాండు వేసి, సీటు పైకంటా లేపి, నన్ను ఎత్తి కూర్చోబెట్టాడు.

"తొక్కురా."

పెడలు పైకి వచ్చే చోట మోకాలు అడ్డం తిరిగింది. సగం దాకా పోయి వెనక్కి, మళ్లీ సగం దాకా.

"ఏందిరా రోకలి లెక్క పెట్టినవ్ కాలు? జొన్నలు దంచుతానవా?"

"నోరు మూసుకో."

"మూసుకుంట. నువ్వు తొక్కు. మీ చిన్నాయన ఎదురుంగ నిలబడి నవ్వుతాండనుకో. ఇగ తొక్కు."

అలా ముందుకూ వెనక్కూ ఊపుతూ ఎన్ని పూటలు గడిచాయో. ఒక సాయంత్రం మోకాలి లోపల ఏదో చిరిగినట్టయి పెడలు పైనుంచి దాటి అవతలికి పోయింది. నేను అరిచిన అరుపుకు అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, మళ్లీ లోపలికి వెళ్లింది. మర్నాడు సీటు వేలెడు దించాం. ఆ తర్వాత అదే పద్ధతి. నొప్పి కొంచెం తగ్గిందనిపిస్తే సీటు దించడం. సీటు దిగేకొద్దీ మోకాలు ఎక్కువ మడవాలి.

బజార్లో తొక్కడం మొదటి వారంలోనే మానుకున్నాను. ప్రతి దుకాణం ముందూ ఎవరో ఒకరు హ్యాండిలు పట్టుకుని ఆపేవాళ్లు. "పాపం, గుట్ట ఎక్కకపోతె ఇంత లేకుండె గద." "అమ్మను జూస్తానవా బిడ్డా?" వాళ్లకు నా కాలు కావాలి, చూసి చెప్పుకోవడానికి. అందుకని తెల్లవారగానే హసన్‌పర్తి వైపు పోయి, అక్కడ రోడ్డు వదిలి గుట్టల మధ్య బండ్ల బాటలు పట్టేవాణ్ని. అవి సైకిలు కోసం పుట్టిన బాటలు కావు. మొరం, గుండ్రాళ్లు, ఎడ్లబండి చక్రాలు కోసిన గాళ్లు. ఎత్తు ఎక్కేటప్పుడు ఎడమ కాలు బరువు మోయదు, కుడి కాలే రెండు కాళ్ల పని చేయాలి. దిగేటప్పుడు బ్రేకు పుల్లలు కిరకిరమంటూ పేరుకే పట్టేవి. ప్రకృతి గురించి రాసే వాళ్లు ఇక్కడ ఉదయం ఎలా ఉందో రాస్తారు. నాకు ముందు చక్రం, దాని కింద రాబోయే రాయి, ఇవే కనిపించేవి. ఒకసారి రాళ్లు కొట్టే చోటి నుంచి దిగుతుంటే ముందు బ్రేకు ఊడి చేతికొచ్చింది. కుడి కాలు నేలకు రాస్తూ, చెప్పు తెగి, చివరికి పరికి కంపలో పడ్డాను. రాళ్లు కొట్టే ఇద్దరు ఆడవాళ్లు వచ్చి ముళ్లు తీస్తూ కడుపుబ్బ నవ్వారు.

"సైకిల్ మీదికెల్లి దుంకుడు నేర్చుకుంటానవా అన్నా?"

నాన్న పోయాక నన్ను చూసి జాలి పడని మొదటి మనుషులు వాళ్లు. నాకు వాళ్ల మీద కోపం రాలేదు.

వానలు పడి ఆగేసరికి సీటు పూర్తిగా కిందికి దిగింది. ఇక దించడానికి లేదు. మోకాలు మాత్రం ఇంకా పూర్తిగా మడవదు. పీట మీద కూర్చుంటే మడమకూ తొడకూ మధ్య తలగడ పట్టేంత సందు. అలా కూర్చుని మోకాలు నేలకు ఆనిస్తే ఒళ్లు పక్కకు ఒరిగిపోయేది. సైకిలు చేయగలిగింది చేసేసింది.

హసన్‌పర్తి చెరువు నిండింది. కట్ట మీద ఒక ముసలాయన వల ఆరేసుకునేవాడు. ఆయనకు తాటి దోనె ఉంది. తాటి మొద్దును సగానికి చీల్చి లోపల తొలిచిన పడవ. మొదలు వైపు లావు, కొస వైపు సన్నం. లావు వైపు మనిషి కూర్చుంటాడు. ఆ తొర్ర ఎంత ఇరుకంటే కాళ్లు చాపడానికి చోటు లేదు, రెండు మోకాళ్లూ మడిచి వాటి మీద కూర్చుని తెడ్డు వెయ్యాలి. అది చూసింది నా స్నేహితుడు. అతను అప్పుడప్పుడు అక్కడ చేపలు కొనేవాడు.

"నీకు పీట దొరికిందిరా. నీళ్ల మీద పీట. మజ్జెల లేస్తె మునుగుతవ్."

ముసలాయన నన్ను పై నుంచి కిందికి చూశాడు.

"సావుకారీ, తక్కెడ గాదిది. ఓ దిక్కు మొగ్గినంక సరి చేసుడుండది. నీళ్లలనే."

"ఈత వచ్చు నాకు."

"దోనెకు రాదు మరి. కాల్లు మడుసుకొని కూసో. మడువకపోతె దిగు, నా పని నన్ను చేసుకోనియ్."

మొదటిరోజు ఒడ్డు నుంచి పది బారలు కూడా పోలేదు. నొప్పికి ఎడమ మోకాలు కొంచెం లేపాను. దోనె దొర్లింది. నోట్లోకి బురద నీళ్లు. ముసలాయన కట్ట మీద కూర్చుని బూతులు తిట్టాడు, నన్ను కాదు, దోనెలో మరిచిపోయిన తన చేపల బుట్టను తలచుకుని. డాల్డా డబ్బాతో నీళ్లు తోడి మళ్లీ ఎక్కాను. ఎందుకంటే సైకిలు మీద నొప్పి పుడితే దిగొచ్చు. ఇక్కడ దిగే వీలు లేదు. చెరువు నడుమ మోకాలు లేపితే మునుగుతాను, కాబట్టి లేపను. తెడ్డు ఎడమకు వేస్తే బరువు ఎడమ మోకాలి మీద, పగిలి అతికిన చిప్ప మీద. కళ్లు మూసుకుపోయేవి. నీళ్ల మీద కొంగలు ఉండేవి. వాటిని నేను చూశానని చెప్పలేను.

అవతలి గట్టు చేరడానికి నెల పట్టింది. చేరాక ఏమీ లేదు అక్కడ. తుంగ, దోమలు. తిప్పుకుని వెనక్కి వచ్చాను.

ఇంట్లో ఇది కొత్త గొడవ. మా ఇంట్లో గుడ్డు కూడా రాదు. అందులో సూతకపు ఏడాది. నా బట్టల్లో చేపల వాసన. అమ్మ నన్ను పెరటి గుమ్మం దగ్గరే ఆపి, బావి దగ్గర స్నానం చేస్తే గానీ లోపలికి రానిచ్చేది కాదు. ఒకరోజు నా చొక్కాను కట్టెపుల్లతో ఎత్తి గోడ అవతలికి విసిరేసింది. ఎందుకు పోతున్నానో నేను చెప్పలేదు. ఆమె అడగలేదు.

నవంబరు రెండో వారంలో చిన్నాయన వచ్చాడు. దుకాణం మూసి నేరుగా వచ్చినట్టున్నాడు, భుజం మీద పిండి దుమ్ము. నిలబడే మాట్లాడాడు.

"గుట్ట ఎక్కిండు, అది సాలలే. ఇప్పుడు చెరువుల పడి చాపలోల్లెంబడి తిరుగుతాండు. బజార్ల మొకం ఎత్తుకోకుంట చేసిండు. సరే వదినె, వచ్చే బుధవారం యాడాది. అయ్యగారు తిథి జూసిండు. నేను తెల్లారంగనే తానం చేసి వస్త."

"బుధవారమా?" అన్నాను. "నవంబరు ఆఖరుకు కదా!"

ఆయన నా వైపు తిరిగాడు. ఆ ముఖంలో నవ్వు నాకు ఇంకా గుర్తుంది.

"మీ నాయిన ఇంగ్లీషు తారీకున పోయిండారా? కార్తీకంల పోయిండు. బుక్కులు సదివి సదివి తండ్రి తిథి గూడ మరిసినవ్."

అది నిజం. నేను ఆ ఏడాదంతా డాక్టరుకు చెప్పిన తారీఖునే లెక్క పెట్టుకుంటూ వచ్చాను. తిథి దానికంటే పది పన్నెండు రోజులు ముందే వస్తుందని మా బజార్లో పలక పట్టిన పిల్లవాడికి కూడా తెలుసు. నెల నెలా మాసికం తిథి ప్రకారమే వచ్చేది. నాకు మాత్రం అది చిన్నాయన మా ఇంటికి వచ్చే రోజు, అంతే. అది ఏ తిథో ఎప్పుడూ చూసుకోలేదు.

"నేనే కూసుంట," అన్నాను.

"ఎట్ల? మంచం మీదనా?"

"పీట మీద."

"నడ్మల లేస్తె కర్మ ఆగమైతది. మా అన్నకు నోట్లె నీళ్లు పడయ్. ఎరుకేనా?"

'మా అన్న' అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు ఉంది, కానీ అమ్మ ముందు చెప్పదలచుకోలేదు. ఆయన వెళ్లాక అమ్మ నా కాలి వంక చూసింది.

"కూసుంటె కడ దాక కూసో. నడ్మల లేసి ఇజ్జత్ తియ్యకు."

బుధవారం లోపల ప్రతిరోజూ పొద్దుపోయేదాకా దోనెలోనే ఉన్నాను. మోకాలు కుండలా వాచింది. "ఇట్లయితె కూసుంటందుకు కాలు ఉండది నీకు," అన్నాడు స్నేహితుడు. ముసలాయన అడ్డం చెప్పాడు. "పోనియ్ పోనియ్. వాపుంటె మెత్తగుంటది." అందులో నిజమెంతో నాకు తెలియదు. మంగళవారం సాయంత్రానికి సందు తలగడంత లేదు. అరచెయ్యి పట్టేంత ఉంది.

బుధవారం తెల్లవారగానే చిన్నాయన తడి ధోవతితో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అయ్యగారు పీట వేసి, ఆయన వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు.

"ఎవరు కూసుంటున్నరు?"

నేను పోయి కూర్చున్నాను. జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకున్నాను. ఎడమ మోకాలు నేలకు ఆనించమన్నారు. ఆనింది. మడమ మీద బరువు వేశాను. అరచెయ్యంత సందు పోవడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు, అయ్యగారు మంత్రం ఆపి ఎదురు చూస్తున్నారని మాత్రం తెలుసు. పోయింది. కళ్ల ముందు నల్లగా అయి, మళ్లీ వెలుతురు వచ్చింది.

తర్వాత అంతా చేతుల పని. చిన్నాయన లోపలికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పిండాల వంక చూడలేదు, నా మోకాలి వంకే చూస్తున్నాడు. నా చెమట నేల మీద పడుతోంది. నాన్న పేరు చెప్పి నీళ్లు వదలమన్నారు. వదిలాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి నువ్వులు, నీళ్లు జారాయి. ఆ క్షణంలో ఏమనిపించిందని తర్వాత చాలామంది అడిగారు. ఏమీ అనిపించలేదు. నీళ్లు సరిగానే పడ్డాయి.

ఎండ పెరట్లోకి వచ్చేసరికి ముగిసింది. అయ్యగారు చేతులు కడుక్కుని, అక్షింతలు తీసుకున్నారు. కూర్చున్న చోటే వంగి ఆయన ముందు నేలకు నుదురు తాకించాను. దీవించారు. తర్వాత అక్కడున్న వాళ్లను చూశారు. ఇంటికి పెద్ద ఇప్పుడు చిన్నాయనే.

"చిన్నాయన కాళ్లు మొక్కు నాయనా. నీ తండ్రి తర్వాత తండ్రి."

చిన్నాయన గోడ దగ్గర నుంచి రెండడుగులు ముందుకు వచ్చాడు. ఎదురుగా నిలబడ్డాడు. ఆయన పాదాలు నా మోకాలికి జానెడు దూరంలో ఉన్నాయి. పొద్దుటి నుంచి ఆ మోకాలు నేల మీదే, మడిచినట్టే ఉంది. అందరూ చూస్తున్నారు.

"కాలు మడువది అయ్యగారూ," అన్నాను.

అయ్యగారు చేతిలో అక్షింతలతో అలాగే ఉండిపోయారు. చిన్నాయన ముఖం కాసేపు ఏమీ అర్థం కానట్టుంది, తర్వాత అర్థమైంది. భుజం మీది తువ్వాలు తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు.

"మీ నాయిన అసొంటోనివే," అన్నాడు. అన్నం తినకుండా వెళ్లిపోయాడు. పెట్టిన తద్దినం అన్నం తినకుండా పోవడమంటే మా వాళ్లలో ఏమిటో చెప్పక్కర్లేదు. ఆయన మళ్లీ మా గడప తొక్కలేదు.

అమ్మ ఆయన కోసం వేసిన విస్తరి తీసి పక్కన పెట్టింది. నా వంక చూడలేదు. "అన్నం సల్లారుతాంది, కూసోండ్రి," అని మిగతావాళ్లను పిలిచింది.

వాళ్లంతా పంక్తిలో కూర్చున్నారు. నాకు అన్నం ఆ పీట దగ్గరికే తెచ్చి పెట్టారు. కాలు ఇక చాపడానికి రావడం లేదు.